జర్మన్‌కి తెలుగు దారి ఎంతవరకు?

ఈ వారం పేపరుతో పాటు ఇంట్లోకొచ్చి పడ్డ ఒక కరపత్రం చూసి ఒళ్లు మండింది. జర్మన్ నేర్పుతామని ప్రకటన. అడుగున పెద్దక్షరాల్లో షరతు: ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లే చేరాలి. ఇంగ్లిష్‌కీ జర్మన్‌కీ చుట్టరికం ఉంది, కాదనను. వాటర్‌ని వాళ్లు వాసర్ అంటారు, బుక్‌ని బూఖ్ అంటారు. కానీ ఆ చుట్టరికం ఎక్కువగా మాటల్లోనే. వాక్యం కూర్చేటప్పుడు చాలాచోట్ల ఇంగ్లిష్‌వాళ్ల కంటే మనమే జర్మన్‌కి దగ్గర. ఈ మాట ఈ కాలమ్‌లో ఇంతకుముందూ రాశాను. పాత పాఠకులు ఓపిక పట్టాలి, మళ్లీ రాస్తున్నాను.

మా పక్కవీధిలో ఒక నర్సమ్మాయి జర్మన్ బి1 పరీక్షకి చదువుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత జీఎన్‌ఎం. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి దాకా వెళ్లాలి. మొన్న నోట్సు పట్టుకుని వచ్చింది. వార్డులో రోగి ‘మీర్ ఇస్ట్ ష్లెష్ట్’ అంటాడు. ‘ష్లెష్ట్’ అంటే బ్యాడ్ అని క్లాసులో చెప్పారట. దాన్నిబట్టి ‘నేను చెడ్డవాణ్ని’ అని రాసుకుంది.

‘పేషెంటు అలా ఎందుకంటాడు మాస్టారూ?’ అని అడిగింది.

‘ఇష్ అంటే నేను. మరి మీర్ అంటే?’ అన్నాను.

‘నాకు’ అంది. అంటూనే ఆగిపోయింది. ‘నాకు బాగోలేదు అంటున్నాడా?’

అంతే. కచ్చితంగా చెప్పాలంటే కడుపులో తిప్పుతోంది, వాంతి వచ్చేలా ఉంది అని. ‘మీర్ ఇస్ట్ కాల్ట్’ అంటే నాకు చలిగా ఉంది. ‘మీర్ ఇస్ట్ ష్విండ్లిష్’ అంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. ‘మీర్ టూట్ డేర్ రూకెన్ వే’ అంటే నాకు నడుం నొప్పిగా ఉంది. ఇంగ్లిష్‌లో చలేసినా కళ్లు తిరిగినా ‘ఐ యామ్’ అనాల్సిందే, మనిషి కర్త కావాల్సిందే. మనకి అలా కాదు. చలి మనం చేసే పని కాదు, మనకి కలిగేది. అందుకే ‘నాకు’. జర్మన్ కూడా ఈ చోట్ల అదే విభక్తి వాడుతుంది. ఇంగ్లిష్‌ని నమ్ముకుని ‘ఇష్ బిన్ కాల్ట్’ అంటే నాలో ఆప్యాయత లేదన్న అర్థం వస్తుంది. అయితే అన్నిటికీ ‘మీర్’ పనికిరాదు. ఆకలికీ జ్వరానికీ జర్మన్‌వాళ్లు ‘ఉంది’ అనరు, ‘కలిగి ఉన్నాను’ అంటారు: ‘ఇష్ హాబె హుంగర్’, ‘ఇష్ హాబె ఫీబర్’. ఆ రెండూ విడిగా గుర్తుపెట్టుకోవాలి.

1880లో మార్క్ ట్వేన్ ‘ఎ ట్రాంప్ అబ్రాడ్’ పుస్తకానికి అనుబంధంగా జర్మన్ భాష మీద ఒక వ్యాసం చేర్చాడు. క్రియ కోసం వాక్యం చివరిదాకా కాచుకోవాలన్నది అందులో ఆయన ఫిర్యాదుల్లో ఒకటి. తెలుగువాడికి అది ఫిర్యాదే కాదు. ‘రేపు పొద్దున్నే ఆఫీసుకి...’ అని ఎవరైనా మొదలుపెడితే వస్తారో రారో తేలేదాకా ఆగడం మనకి పుట్టినప్పటినుంచీ అలవాటు. ‘వైల్ ఇష్ గెస్టర్న్ క్రాంక్ వార్’: నిన్న నాకు ఒంట్లో బాగోలేదు కాబట్టి. మన ‘కాబట్టి’ చివర వస్తుంది, వాళ్ల ‘వైల్’ ముందు వస్తుంది. క్రియ మాత్రం రెండుచోట్లా ఆ ఉపవాక్యం చివరే.

ఆఫీసు ఉత్తరాల్లో, పత్రికల్లో ఇంకో రకం కట్టు కనబడుతుంది. ‘డేర్ గెస్టర్న్ ఆవుస్ హైదరాబాద్ ఆన్‌గెకొమ్మెనె బ్రీఫ్.’ మొదటి ‘డేర్’ పక్కన పెట్టి వరసగా చదవండి: నిన్న, హైదరాబాద్ నుంచి, వచ్చిన, ఉత్తరం. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. ఇంగ్లిష్ మీదుగా వెళ్లేవాడు ఈ కట్టుని విప్పి, తిప్పి, మళ్లీ పేర్చుకోవాలి. నర్సమ్మాయికి చూపిస్తే ఒక్కసారికే చదివేసింది. ఇది మా అమ్మభాష గొప్పతనం చాటుకోవడానికి చెప్పడం లేదు. చేతిలో ఉన్న పనిముట్టుని తీసి అవతల పెట్టమని పిల్లలకి చెప్పడం అన్యాయం అంటున్నాను.

తెలుగుకి తొలి వ్యాకరణాల్లో ఒకటి రాసింది ఒక జర్మనే. బెంజమిన్ షుల్ట్‌జే అనే మిషనరీ మద్రాసులో ఉండగా 1728లో రాశాడు, అదీ లాటిన్‌లో. ఆ తర్వాత స్వదేశం వెళ్లి హాలె నగరంలో 1746లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. మన భాషని ఆయన తనకి తెలిసిన చదువుల భాషలోంచి చూశాడు. జర్మన్‌ని తెలుగులోంచి చూసే వ్యాకరణం మన పిల్లలకి కావాలని నేను ఎప్పటినుంచో అడుగుతున్నాను. దానితో పాటు జర్మన్-తెలుగు నిఘంటువు కూడా అడుగుతూ వచ్చాను.

నోట్సులో తర్వాతి పేజీలు చూశాక ఆ రెండో కోరిక మీద నాకు మునుపటి పట్టు లేదు. అమ్మాయి ఎడమవైపు జర్మన్ మాట, కుడివైపు తెలుగు అర్థం రాసుకుంది. ‘ష్టెలెన్: పెట్టు. లేగెన్: పెట్టు. హెంగెన్: తగిలించు. ష్టెకెన్: పెట్టు.’ అర్థాల్లో తప్పు లేదు. వాక్యం రాసేటప్పుడు ఏ ‘పెట్టు’ కావాలో ఎలా తెలుస్తుంది? గ్లాసు నిలబడుతుంది కాబట్టి దానికి ష్టెలెన్. కాగితం పడుకుంటుంది కాబట్టి లేగెన్. తాళంచెవి జేబులో దూరుతుంది కాబట్టి ష్టెకెన్. మనం వస్తువు ఎలా ఉందో చూడకుండా ఈ మూడింటికీ ఒక్క ‘పెట్టు’తో సరిపెడతాం. ఇంగ్లిష్‌లోనూ ఒక్క ‘పుట్’తోనే పని జరిగిపోతుంది. ఇక్కడ రెండు భాషలూ ఒకేలా దారి తప్పిస్తాయి.

విభక్తి దగ్గరా అంతే. గ్లాసు బల్ల మీద పెడితే ‘ఆవుఫ్ డేన్ టిష్’. పెట్టాక అది బల్ల మీద ఉంటే ‘ఆవుఫ్ డేమ్ టిష్’. మనకి రెండూ ‘బల్ల మీదే’. తెలుగులో ‘మీదికి’ ఉందిగానీ, పెట్టడానికి ఎవరూ వాడరు. ‘వెళ్లు’ సంగతీ అదే. నడిచి వెళ్తే గేయెన్, బస్సులోనో రైల్లోనో వెళ్తే ఫారెన్. ‘తెలుసు’ కూడా వాళ్లకి రెండు: మనిషి తెలిస్తే కెన్నెన్, సంగతి తెలిస్తే విస్సెన్. కుడివైపు తెలుగు గళ్లలో ఈ తేడాలన్నీ చెరిగిపోయాయి. ఆ గళ్లని నింపే నిఘంటువు ఎంత మంచిదైనా ఈ దశలో మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

కాబట్టి వ్యాకరణం తెలుగులో చెప్పండి, ఇంగ్లిష్ రాదని ఎవరినీ గుమ్మం దగ్గర ఆపకండి. మాటల్ని మాత్రం జర్మన్ వాక్యంలోంచే నేర్పండి. నేర్చుకుంటున్నవాళ్లకి నా మనవి: ‘ష్టెలెన్: పెట్టు’ అన్న వరస కొట్టేయండి. ‘డాస్ గ్లాస్ ఆవుఫ్ డేన్ టిష్ ష్టెలెన్’ అని మొత్తం రాసుకోండి. ఏ లింగమో, ఏ విభక్తో, ఏ ‘పెట్టు’వో మూడూ ఆ ఒక్క వరసలోనే ఉన్నాయి.