కృష్ణబిలమును గురించి చెప్పు సగము మాట

తెలుగులో కృష్ణబిలములపై వచ్చు వ్యాసములలో ఒక పోలిక తరచుగా కనబడుచుండును: దగ్గరకు వచ్చినదాని నెల్ల మ్రింగివేయు రాక్షసి యని. ఈ పోలిక పిల్లల మనస్సుకు వెంటనే పట్టును, సందేహము లేదు. కాని పట్టునది సగము సత్యమే.

కర్నూలు, కడప జిల్లాల నల్లరేగడి చేలలో వేసవి మధ్యాహ్నము లేచు సుడిగాలి ఇంతకంటె మేలైన పోలిక. అడుగున దుమ్ము లోనికి లాగబడును; పైకి లేచి దూరముగా విసరబడును. క్రియాశీల గెలాక్సీ కేంద్రములలోను రాక, పోక రెండును కలవు. అయితే కారణము వేరు. బిలము చుట్టు తిరుగు వాయువు వేడెక్కి వెలువరించు కాంతి యొక్క ఒత్తిడియు, అయస్కాంత బలములును కొంత వాయువును బయటకు నెట్టును. బిలములో పడినది మాత్రము తిరిగి రాదు. పడకముందే మరలిన వాయువే ఈ గాలి. ఈ భేదమును చెప్పనిచో సుడిగాలి పోలికయు పొరపాటునకే దారితీయును.

రెండవ లోపము బొమ్మలది. చిత్రకారుడు ఊహించి వేసిన చిత్రమును విద్యార్థి ఫోటో యని నమ్మును. ఈ గాలికి అసలు సాక్ష్యము వర్ణపటము. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుని అంచున లేచు జ్వాలలు వేడి వాయువేయని వర్ణరేఖలను బట్టియే తేల్చెను. నేడు ఎక్స్-కిరణములలో జరుగుచున్నదియు ఆ పనియే.

ఒక ఎలక్ట్రాను మాత్రమే మిగిలిన ఇనుప పరమాణువు 6.97 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద కిరణమును శోషించును. రెండు మిగిలినది 6.70 వద్ద శోషించును. గెలాక్సీ దూరమగుటవలన కలుగు మార్పును సరిచేసిన పిమ్మట శోషణ రేఖ 9.0 వద్ద కనబడినదనుకొనుడు. మొదటి పరమాణువైనచో వాయువు కాంతి వేగములో 25 శాతముతోను, రెండవదైనచో 29 శాతముతోను మనవైపు వచ్చుచున్నదని లెక్క తేలును. రేఖను తప్పుగా గుర్తించినచో వేగమును తప్పును.

అందుచేతనే పరికరము యొక్క సూక్ష్మత ముఖ్యము. శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని మృదు ఎక్స్-కిరణ దూరదర్శిని 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద సుమారు 150 ఎలక్ట్రాన్ వోల్టుల భేదమును గుర్తించును. 2023 సెప్టెంబరులో జపాను ప్రయోగించిన క్రిజమ్ ఉపగ్రహములోని పరికరము సుమారు 5 ఎలక్ట్రాన్ వోల్టుల భేదమును గుర్తించును. పూర్వము ఒకే వెడల్పైన పల్లముగా కనబడిన చోట, పి.డి.ఎస్. 456 అను క్వేజారులో ఐదు వేర్వేరు వేగములు బయటపడెను. అవి కాంతి వేగములో 20 నుండి 30 శాతము వరకు ఉన్నవి. ఈ ఫలితము 2025లో ప్రకటింపబడెను.

దీనిని సైతము విమర్శనతోనే గ్రహింపవలెను. రేఖ వేగమును చెప్పునుగాని, వాయువు బిలమునకు ఎంత దూరమున ఉన్నదో, ఎన్ని దిక్కుల వ్యాపించినదో నేరుగా చెప్పదు. ఆ రెండును తెలిసినగాని గాలి మోసికొనిపోవు ద్రవ్యరాశి తేలదు. ఆ గాలి గెలాక్సీలో క్రొత్త నక్షత్రములు పుట్టుటను ఆపగలదా యన్న పెద్ద ప్రశ్న ఈ లెక్కపైననే ఆధారపడియున్నది.

కనుక వ్యాసకర్తలు బొమ్మ ప్రక్కన గ్రాఫును కూడ ముద్రింపవలెను. తరగతిలో ఉపాధ్యాయుడు ఆ గ్రాఫులోని ఒక్క పల్లమును చూపి, పై లెక్కను విద్యార్థులచేత చేయించినచో చాలును. రాక్షసి కథ వినిన విద్యార్థి భయపడును. లెక్క చేసిన విద్యార్థి ప్రశ్నించును.