అనువాద ప్రశ్నావళి కుటుంబాన్ని కొలుస్తుందా? – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఈ భాగం చదివిన తరువాత, అనువదించిన ప్రశ్నావళి నమ్మదగినదో కాదో మీరు స్వయంగా నిర్ణయించగలగాలి. ఉదాహరణగా స్కోర్-15ను తీసుకుందాం. పీటర్ స్ట్రాటన్ బృందం బ్రిటన్‌లో రూపొందించి 2010లో ప్రచురించిన ఈ సాధనంలో 15 వాక్యాలు, ఒక్కోదానికి 5 జవాబులు ఉంటాయి. కుటుంబ బలాలు, కష్టాల ఒత్తిడి, సంభాషణ లోపాలు ఇందులోని మూడు అంశాలు. చికిత్సకు ముందూ తరువాతా నింపించి మార్పును అంచనా వేస్తారు. క్లుప్తత, ఇంట్లో ప్రతి ఒక్కరి అభిప్రాయాన్ని విడిగా తీసుకోవడం దీని గుణాలు.

దీనిని తెలుగు చేసి ఆర్మూరులో వాడుతున్నారనుకోండి.

మొదటి చిక్కు మాటది. ఇంట్లో కాదనడానికి జంకు ఉందా అని అడిగే వాక్యం ఇందులో ఉంది. అక్కడ "భిన్నాభిప్రాయం" అని రాస్తే, 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించిన తిరుగు అనువాద పరీక్షలో వాక్యం సులభంగా నెగ్గుతుంది. గ్రాంథికమైన మాటే ఇంగ్లీషుకు తేలికగా తిరిగి వెళుతుంది. కాని బీడీలు చుట్టే ఇల్లాలికి ఆ మాట అందదు. "ఎదురు చెప్పడం" అంటే అందుతుంది. అయితే అందులో అమర్యాద అనే అర్థం చేరుతుంది. "మా ఇంట్ల పెద్దోళ్లకు ఎవ్వరూ ఎదురు చెప్పరు" అని ఆమె అనవచ్చు. అది గౌరవమా, భయమా? భయాన్ని ఆరోగ్యంగా లెక్కిస్తే ఆమెకు అందవలసిన సాయం అందదు.

రెండవది, కుటుంబమంటే ఎవరు? ఆ నిర్ణయాన్ని స్కోర్ జవాబిచ్చేవారికే వదిలింది. ఇది ఉదారమైన పద్ధతే. కాని భర్త దుబాయిలో ఉన్న ఇంట్లో కోడలు అతణ్ణి లెక్కించి, అత్త లెక్కించకపోతే ఆ రెండు అంకెలను పోల్చలేం. ఎవరెవరిని లెక్కించారో కాగితంపై రాయించుకోవాలి.

మూడవది, క్రోన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా. ఇది ఎక్కువగా వస్తే సాధనం సరైనదని విద్యార్థులు తరచుగా రాస్తారు. ఇది పొరపాటు. జవాబులు ఒకదానితో ఒకటి పొందికగా ఉన్నాయనే ఆల్ఫా చెబుతుంది. అవి దేనిని కొలిచాయో చెప్పదు.

నాలుగవది కాలం. పసుపు మార్కెట్టుకు వచ్చే నెలల్లో ధర పడిపోతే ఇంట్లో మాటామాటా పెరుగుతుంది. అప్పుడు మొదటి కొలత, వానాకాలంలో రెండవ కొలత తీసుకుంటే, కనిపించిన మార్పు చికిత్సదా, కాలానిదా? చికిత్స పొందని కుటుంబాలనూ అవే నెలల్లో కొలిస్తేనే తేలుతుంది.

కాబట్టి సాధనాన్ని తిరస్కరించనక్కరలేదు. పరీక్షించే క్రమాన్ని మార్చాలి. ముందు కొందరితో కూర్చుని, ప్రతి వాక్యం వారికి ఏమని అర్థమైందో వారి మాటల్లోనే చెప్పించుకోండి. తరువాత చికిత్సకు వచ్చిన, రాని కుటుంబాల అంకెలను పోల్చండి. గణాంకాలు ఆ తరువాతే.

అభ్యాసం: "మా ఇంట్లో ఒకరి విషయాల్లో ఒకరు జోక్యం చేసుకుంటారు" అనే వాక్యాన్ని మీ ఇంట్లో ముగ్గురికి వినిపించండి. అది ప్రేమా, పెత్తనమా? వారి జవాబులను 10 పంక్తుల్లో విశ్లేషించండి.