వాహన రుణంలో కీలకాంశాల పత్రం: విమర్శనాత్మక పరిశీలన

వాహన రుణ పత్రాలు చదివేటప్పుడు మీరు రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. ఈ అప్పుకు ఎంత చెల్లించాలి? చెల్లించలేకపోతే బండి ఏమవుతుంది? రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు రుణగ్రహీతకు కీలకాంశాల పత్రం ఇవ్వాలి. మొదటి ప్రశ్నకు అది చక్కగా జవాబు చెబుతుంది. రెండవ ప్రశ్న దగ్గర తడబడుతుంది.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుందాం. తిరుపతిలో ఒక డ్రైవరు ఆటో కోసం 3 లక్షల రూపాయలు అప్పు తీసుకున్నాడనుకోండి. 'నూటికి పది, మూడేళ్లు' అంటారు. వడ్డీ 90 వేలు, నెలకు 10,833 రూపాయల చొప్పున 36 కంతులు. అసలు నెలనెలా తగ్గుతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా 3 లక్షల మీదే వేశారు. తగ్గే అసలు మీద లెక్కిస్తే ఇది దాదాపు 18 శాతం. ఫీజు, బీమా పేరిట 15 వేలు ముందే పట్టుకుంటే 21 శాతం దాటుతుంది. ఈ చివరి అంకెనే వార్షిక శాతం రేటుగా, రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో చూపాలి. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువూ ఉంది. షోరూములోనే సంతకాలు ముగిసే చోట ఆ గడువును ఎందరు వాడుకుంటారన్నది వేరే సంగతి.

ఇప్పుడు పత్రం రెండవ భాగం చూడండి. వసూలు ఏజెంట్ల గురించి అక్కడ అడిగేది, ఒప్పందంలో వారి నియామకానికి సంబంధించిన నిబంధన ఏదని మాత్రమే. ఒక సంఖ్య వేస్తే గడి నిండిపోతుంది. బండి సీజ్ చేసే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, ఎప్పుడు నోటీసు లేకుండానే తీసుకుపోతారు, అమ్మే ముందు చివరి అవకాశం ఎలా ఇస్తారు అన్నవి ఫైనాన్స్ కంపెనీలు రాసిపెట్టాలని రిజర్వు బ్యాంకు చెప్పిన మాట నిజమే. అయితే రాయవలసింది ఒప్పందంలో, ఈ పత్రంలో కాదు.

ఇది చిన్న లోపం కాదు. అద్దె కొనుగోలుకు సంబంధించిన మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో, నోటీసు అవసరమా కాదా అన్నది ఒప్పందం షరతులను బట్టి ఉంటుందని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఆ ఒప్పందంలో నోటీసు షరతు ఉంది. దాన్ని పాటించనందుకు దక్కిన పరిహారం 15 వేల రూపాయలు. ఒక బండి విలువతో పోల్చి చూడండి.

దామలచెరువు మామిడి మండీకి లోడు తోలే వ్యాను యజమానిని తీసుకోండి. బాడుగలు దండిగా దొరికేది కాయల కాలంలోనే, కంతు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. అతనికి వడ్డీలో అర శాతం తేడా కంటే నోటీసు గడువు ఏడు రోజులా, పదిహేను రోజులా అన్నదే ముఖ్యం. సొంతంగా నడుపుకొని బతికేవాడు 2019 చట్టం ప్రకారం వినియోగదారుడే. కంపెనీ ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉన్నా, తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కానీ అది చాలావరకు బండి పోయాక పట్టే దారి.

పత్రంలో మరో మూడు గళ్లు చేర్చడం కష్టమేమీ కాదు: నోటీసు ఎన్ని రోజులు, చివరి అవకాశం ఎప్పటిదాకా, బండి అమ్మాక మిగిలిన బాకీ ఎవరిది. అవి చేరేదాకా, పత్రంలో వేసిన నిబంధన సంఖ్యను పట్టుకొని ఒప్పందంలో ఆ పేజీ తెరిపించి, సంతకానికి ముందే చదవండి.