సూర్యుణ్ణి కాగితం మీదికి దించడం

ఆకాశంలో దేన్ని చూడాలన్నా టెలిస్కోపు ఎంత పెద్దదైతే అంత మంచిది. దూరపు నక్షత్రం నుంచి మనదాకా చేరే వెలుగు బహు కొంచెం. దాన్ని పోగుచేయడమే టెలిస్కోపు పని. సూర్యుడి దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. 15 కోట్ల కిలోమీటర్లు దాటి, 8 నిమిషాల పైచిలుకులో వచ్చిపడే ఆ వెలుగు మన అవసరానికి మించిపోతుంది. ఎక్కువైనదాన్ని వదిలించుకోవడమే ఇక్కడ విద్య. అందుకే 60 మిల్లీమీటర్ల కటకమున్న చిన్న టెలిస్కోపు చాలు, సూర్యుడి ముఖం మీద జరిగేది చూడటానికి.

నేనీ పని పొద్దున్నే, డాబా వేడెక్కకముందే చేస్తాను. ఎండ ముదిరితే కిందినుంచి లేచే వేడిగాలికి బింబం అంచు వణకడం మొదలవుతుంది. టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పుతాను కానీ అందులోకి చూడను. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, గొట్టం నీడను చూస్తాను. నీడ పొడుగ్గా సాగినంతసేపూ గురి కుదరనట్టే. అది కుదించుకుపోయి గొట్టం మందానికే గుండ్రంగా మిగిలితే సూర్యుడు దొరికినట్టు. ఐపీస్‌కు, అంటే కన్ను పెట్టి చూసే కటకానికి, అడుగున్నర వెనక తెల్ల కాగితం పెడితే బింబం వచ్చి వాలుతుంది. ముందే గీసి ఉంచిన 15 సెంటీమీటర్ల వృత్తంలో అది సరిగ్గా పట్టేలా కాగితాన్ని జరుపుకోవాలి.

మొదట కనిపించేది అంచుల మసక. నడిమి భాగంలో మన చూపు లోపలి వేడి పొరలదాకా దిగుతుంది. అంచు దగ్గర ఏటవాలుగా పోవడంతో పైనున్న చల్లటి పొరల్లోనే ఆగిపోతుంది. మనం చూస్తున్నది చదునైన పళ్లెం కాదు, వాయుగోళం అని ఆ మసకే చెబుతుంది.

తర్వాత మచ్చలు. ఏది మచ్చో, ఏది దుమ్మో తేల్చుకోవాలి. ఐపీస్‌ను కాస్త తిప్పితే దాంతోపాటు తిరిగేది దుమ్ము. కాగితాన్ని కదిపితే దాంతోపాటు కదిలేది కాగితం మీది నలుసు. రెంటికీ కదలకుండా నిలిచిందే సూర్యుడిది. దాన్ని పదునైన పెన్సిల్‌తో గీయాలి: నల్లటి నడుమ వేరుగా, చుట్టూ ఉన్న బూడిదరంగు వేరుగా. సూర్యుడి ఉపరితలం వేడి దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్. మచ్చ నడుమ అది సుమారు రెండువేల డిగ్రీలు తగ్గుతుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. అక్కడ గుమిగూడిన అయస్కాంత శక్తి లోపలి వేడిని పైకి రానివ్వదు. మచ్చల్లో అయస్కాంతత్వం ఉందని అమెరికా ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎల్లరీ హేల్ 1908లో రుజువు చేశాడు. మన వృత్తంలో భూమిని గీస్తే ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాదు. పెద్ద మచ్చ పక్కన ఆ చుక్క పెట్టి చూసినప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గీస్తుండగానే బింబం జారిపోతుంటుంది. రెండు నిమిషాల్లో తన వెడల్పంత దూరం జరుగుతుంది. అది భూమి తిరుగుడు. బింబం జారే దిక్కే పడమర. ఆ గుర్తు వేసుకోకపోతే నిన్నటి కాగితానికీ ఇవాళ్టి కాగితానికీ పొంతన కుదరదు. వరసగా గీసిన కాగితాలు చూసి పక్కింటి కుర్రాడు, “అంకుల్, ఈ మచ్చ నిన్న ఇక్కడ లేదు కదా, జరిగిందా?” అన్నాడు. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడన్న సంగతి వాడు ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు. భూమ్మీది నుంచి చూస్తే ఒక చుట్టుకు సుమారు 27 రోజులు.

సూర్యుడి గురించి గొప్ప సంగతులు చాలావరకు ఇలా రోజూ చూసినవాళ్లకే దొరికాయి. జర్మనీలో మందులు తయారుచేసే హైన్రిక్ ష్వాబే 1826 నుంచి ఎండ కనిపించిన ప్రతిరోజూ మచ్చలు లెక్కపెట్టాడు. వెతికింది సూర్యుడికి దగ్గర్లో ఉందేమోననుకున్న కొత్త గ్రహం కోసం. అది దొరకలేదు. 17 ఏళ్ల లెక్కల్లోంచి మచ్చలు పెరిగి తగ్గే చక్రం బయటపడింది. దాని నిడివి సగటున 11 ఏళ్లని తర్వాత తేలింది. ఇంగ్లండులో రిచర్డ్ క్యారింగ్టన్ 1859 సెప్టెంబరు 1న మచ్చలు గీస్తుంటే కళ్లముందే రెండు తెల్లటి మెరుపులు వెలిగి కొద్ది నిమిషాల్లో ఆరిపోయాయి. ఒక రోజు తిరక్కుండానే భూమ్మీద టెలిగ్రాఫు తీగలు అతలాకుతలమయ్యాయి. ఆ ఉదయం ఆయన బల్ల దగ్గర ఉండటం ఆ మెరుపులకూ ఈ అలజడికీ ముడిపెట్టడానికి తోడ్పడింది.

మన గుంటూరుకూ ఈ చరిత్రలో చోటుంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణం కోసం ఫ్రాన్స్ నుంచి జూల్ జాన్సెన్ అక్కడికి వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల గీతలు వర్ణపటదర్శినిలో ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని ఆయనకు తోచింది. మర్నాడే చూశాడు. ఆ జ్వాలల వెలుగులోని పసుపు గీతే తర్వాత హీలియంగా తేలింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి సూర్యుణ్ణి చూడటానికి వెళ్లిన ఆదిత్య ఎల్1 వ్యోమనౌక ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. దానిలోని ఒక పరికరం సూర్యబింబపు వెలుగును తనలోనే తప్పించి, చుట్టూ ఉన్న బయటి వాతావరణాన్ని, అంటే కరోనాను, గ్రహణం అక్కర్లేకుండా చూస్తుంది. ఆ చిత్రాలు ఫోనులో చూసి గర్వపడతాను. అయినా సొంత చేత్తో గీసిన మచ్చ నేర్పేది వాటితో రాదు.

జాగ్రత్తల్లో సడలింపు లేదు. సూర్యుడి వైపు తిప్పిన టెలిస్కోపులోకి, దానికి అమర్చిన గురిచూసే చిన్న గొట్టం ఫైండర్‌లోకి క్షణమైనా కన్ను పెట్టకూడదు. చూపు పోతుంది. ఫైండర్‌కు మూత పెట్టండి. గ్రహణం కళ్లజోడు టెలిస్కోపు దగ్గర పనికిరాదు. పిల్లలున్నచోట గొట్టాన్ని వదిలి పక్కకు పోవద్దు.

బడి బీరువాలో చిన్న టెలిస్కోపున్న సైన్సు మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే. ఇప్పటి మచ్చల చక్రం 2024లో గరిష్ఠ దశకు చేరింది, ఇక మచ్చలు తగ్గే కాలం. ఇప్పుడు ఆరో తరగతి పిల్లలతో మొదలుపెట్టిస్తే, ఆ తగ్గుదల వాళ్లు గీసిన కాగితాల్లోనే కనిపిస్తుంది. ప్రతి కాగితం మీదా తేదీ, సమయం, పడమర గుర్తు మాత్రం తప్పకుండా వేయించండి.