కరామా దప్పళము

దుబాయి నగరమందలి కరామాలో ఒక్క గదిని నలుగురైదుగురు పంచుకొని యుండెడి కోనసీమవారికి, సెలవునాడు ఫ్రీజరు ఖాళీ చేయుట యొక పాకవిద్య. వారమంతయు మిగిలిన మునక్కాడ ముక్కలు, సగము సొరకాయ, గుమ్మడి చెక్క, రాయివలె గడ్డకట్టిన పప్పుముద్ద, వీనినెల్ల నొక్క గిన్నెకే అప్పగించి, గట్టి ముక్కలను ముందును, మెత్తనివానిని వెనుకను వేసి, అవి యుడికిన పిదపనే చింతపండు పులుసు పోయవలెను. పులుపు ముందుగా తగిలెనా, ముక్క బిరుసెక్కి యెంతసేపటికిని మెత్తబడదు. ఈ క్రమజ్ఞానమే వంటవాని పాండిత్యమని నా యభిప్రాయము. చివర బెల్లము, నీటిలో కలిపిన వరిపిండి, ఇంగువ తాలింపు. జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మిట్టమధ్యాహ్నపు ఆరుబయటి పనిని ప్రభుత్వమే నిషేధించు దేశమున పొయ్యి యొద్ద నిలుచుట సామాన్యమా! వండినవాడు గిన్నెలు తోమనక్కరలేదు, అది న్యాయమే.