విరేచనమా, విషలక్షణమా? - సూరంజాన్, కాల్చిసిన్ వివరణలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: యునానీ వైద్యంలో కీళ్ల నొప్పులకు వాడే సూరంజాన్ దుంప, ఆధునిక వైద్యం గౌట్‌కు ఇచ్చే కాల్చిసిన్ ఒకే మొక్కజాతికి చెందినవి. ఈ పోలికను చూపి ఒక వైద్యవిధానం మరొకదాన్ని ధ్రువీకరించిందనడం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ప్రవేశిక

హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్ పక్కన, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నిర్మించిన యునానీ దవాఖానా ఉంది. నిజామియా తిబ్బీ కళాశాల కూడా అక్కడిదే. యునానీ గ్రంథాలు కీళ్ల నొప్పిని వజా-ఉల్-మఫాసిల్ అని, గౌట్‌ను నిఖ్రిస్ అని వ్యవహరిస్తాయి. రెండింటికీ చెప్పే ముఖ్యమైన మందులలో సూరంజాన్ ఒకటి. మాజూన్-ఎ-సూరంజాన్ లేహ్యంగా, హబ్బ్-ఎ-సూరంజాన్ మాత్రగా ప్రసిద్ధం. 1820లో ఫ్రెంచి రసాయనవేత్తలు పెల్టియే, కావెంతూ కాల్చికం మొక్క నుంచి ఒక ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. తర్వాతి కాలంలో దానికి కాల్చిసిన్ అనే పేరు స్థిరపడింది.

ఈ సంబంధాన్ని రెండు విధాలుగా చెప్పడం పరిపాటి. హకీములకు ఎప్పుడో తెలిసినదాన్నే నేటి విజ్ఞానం నిరూపించిందనేది మొదటిది. పాత సిద్ధాంతం తప్పు కనుక ఆ మందుకూ విలువ లేదనేది రెండవది. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. అయితే రెండింటి లోపమూ ఒక్కటే: మందును, ఆ మందుకు ఇచ్చిన వివరణను వేరుచేసి చూడకపోవడం.

యునానీ వివరణ

యునానీ సిద్ధాంతం ప్రకారం శరీరంలో దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అనే నాలుగు ధాతుద్రవాలు ఉంటాయి. కీలులో చెడు ద్రవం, ముఖ్యంగా బల్గమ్, చేరితే నొప్పి పుడుతుంది. దాన్ని బయటికి పంపడమే చికిత్స. సూరంజాన్‌ను బల్గమ్‌ను వెడలించే విరేచనకారిగా పరిగణించారు. హబ్బ్-ఎ-సూరంజాన్‌లో ముసాంబరం, కరక్కాయ చేర్చడానికి కారణం ఇదే. అంటే ఈ దృష్టిలో విరేచనం మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు.

అదే సమయంలో వారు మందులోని ప్రమాదాన్నీ గుర్తించారు. తీపి సూరంజాన్‌ను లోపలికి, చేదు సూరంజాన్‌ను పైపూతకు వాడాలన్న నియమం అందుకు నిదర్శనం.

కణాల వివరణ

తెలుగులో 'వాపు' అనే మాట కంటికి కనిపించే లక్షణాన్ని చెబుతుంది; దాని వెనుక రోగనిరోధక కణాలు జరిపే చర్యను చెప్పదు. ఆ చర్యకు 'శోథ' అనే మాటను ప్రత్యేకించుకుంటే చర్చ స్పష్టమవుతుంది. గౌట్‌లో యూరేట్ స్ఫటికాలు కీలులో చేరతాయి. స్థూలభక్షక కణాలు వాటిని మింగుతాయి. అప్పుడు ఆ కణాలలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రోటీన్ల కూటమి ఏర్పడి, ఇంటర్‌ల్యూకిన్-1బీటా వెలువడుతుంది. స్విట్జర్లాండులోని లొజాన్‌లో యూర్గ్ చోప్ బృందం 2006లో ఈ సంబంధాన్ని వెల్లడించింది. ఆ సంకేతం అందుకుని రక్తంలోని న్యూట్రోఫిల్ కణాలు గుంపుగా కీలులోకి వస్తాయి. నొప్పి, ఎరుపు, వేడి తీవ్రమవుతాయి.

కాల్చిసిన్ కణంలోని ట్యూబ్యులిన్ ప్రోటీన్‌కు అంటుకుని సూక్ష్మనాళికల నిర్మాణాన్ని అడ్డుకుంటుంది. ఫలితంగా న్యూట్రోఫిల్స్ కదలిక, రక్తనాళపు గోడకు అంటుకునే గుణం తగ్గుతాయి. ఇన్‌ఫ్లమసోమ్ ఏర్పాటూ మందగిస్తుంది. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఈ మందు యూరిక్ ఆమ్లాన్ని తగ్గించదు. స్ఫటికం ఉన్నచోటనే ఉంటుంది. దానికి స్పందించే కణాల ప్రవర్తన మారుతుంది.

విరేచనం: అసలు పరీక్ష

రెండు వివరణలూ ఢీకొనే చోటు విరేచనం. ఆధునిక వైద్యులు కూడా చాలాకాలం నొప్పి తగ్గేవరకో, విరేచనాలు మొదలయ్యేవరకో కాల్చిసిన్ ఇస్తూ వచ్చారు. 2010లో వెలువడిన అగ్రీ అధ్యయనం ఈ అలవాటును పరీక్షించింది. ఒక గంటలో 1.8 మిల్లీగ్రాములు ఇచ్చినవారికీ, ఆరు గంటలలో 4.8 మిల్లీగ్రాములు ఇచ్చినవారికీ నొప్పి దాదాపు సమానంగానే తగ్గింది. విరేచనాలు మాత్రం ఎక్కువ మోతాదు వర్గంలో 77 శాతం మందికి, తక్కువ మోతాదు వర్గంలో 23 శాతం మందికి కలిగాయి.

దీన్నిబట్టి ఉపశమనం విరేచనం వల్ల కలగలేదని తేలుతున్నది. యునానీ వైద్యుల పరిశీలన నిలిచింది. వారి వివరణ నిలవలేదు. కనుక 'నిరూపణ' అనే మాట ఇక్కడ సగమే సరైనది. వివరణ వీగిపోయినంత మాత్రాన పరిశీలన కూడా వ్యర్థమనడం అంతే పొరపాటు. 2019లో వెలువడిన కోల్‌కాట్ అధ్యయనంలో గుండెపోటు వచ్చిన 4,745 మందిపై రోజుకు 0.5 మిల్లీగ్రాముల కాల్చిసిన్‌ను పరీక్షించగా, తర్వాతి హృదయసంబంధ ప్రమాదాలు తగ్గాయి. ద్రవాలను వెడలించే సిద్ధాంతం ఈ ఉపయోగాన్ని ఊహించలేదు. శోథను కణాల చర్యగా చూసినప్పుడే దానికి దారి తెరుచుకుంది.

ఈ భేదం తరగతిగది చర్చకే పరిమితం కాదు. హకీం ఇచ్చిన లేహ్యాన్నీ, ఆసుపత్రి మాత్రలనూ కలిపి వాడే రోగికి విరేచనాలు పట్టుకుంటే, దాన్ని 'మందు పనిచేస్తున్నది' అని చదవాలా, 'విషం ఎక్కుతున్నది' అని చదవాలా? కాల్చిసిన్‌లో మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నా, క్లారిత్రోమైసిన్ వంటి మందు తోడైనా అది శరీరంలో పేరుకుని ప్రాణాపాయం కావచ్చు. దుంప ఏ జాతిదో, ఎంత చేదుదో అన్నదాన్నిబట్టి లేహ్యంలోని కాల్చిసిన్ పరిమాణం మారుతుంది. మూలిక కనుక హాని లేదనే నమ్మకం ఇక్కడ చెల్లదు.

ముగింపు

సంప్రదాయ ఔషధాలపై తెలుగులో రాసే పరిశోధకులు మూడు ప్రశ్నలను విడివిడిగా వేసుకోవాలి: ఏమి గమనించారు? దానికి ఏ కారణం చెప్పారు? ఆ కారణాన్ని ఏ పరీక్ష నిలబెట్టింది లేదా పడగొట్టింది? సూరంజాన్ విషయంలో ఈ మూడింటికీ మూడు వేర్వేరు సమాధానాలు లభిస్తున్నాయి. వాటిని ఒకే వాక్యంలో కలిపివేసే రచన యునానీకి గౌరవాన్నీ తేలేదు, విజ్ఞానానికి న్యాయమూ చేయలేదు. రోగికి అవసరమైన హెచ్చరికను మాత్రం కప్పివేస్తుంది.