గాలిలో దీపం

ఇంగ్లీషులో 'ప్రికేరియస్' అని ఒక విశేషణం ఉంది. నిఘంటువు తెరిస్తే 'అస్థిరమైన, అనిశ్చితమైన' అని చెప్పి ఊరుకుంటుంది. గోడకి సరిగా ఆనని నిచ్చెనకీ ఆ మాటే, ఎప్పుడు ఊడుతుందో తెలియని ఉద్యోగానికీ ఆ మాటే. తప్పేం లేదు. కానీ ఆ మాట పుట్టింటిదాకా వెడితే వేరే సంగతి బయటపడుతుంది.

లాటిన్‌లో దాని మూలానికి అర్థం వేడికోలు. రోమన్ల చట్టంలో, ఒకరిని బతిమాలుకుని అనుభవించే ఆస్తికి ఆ పేరు. ఇచ్చినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. అంటే ఆ మాటలో మొదట ఉన్నది ఊగిసలాట కాదండీ, ఇంకొకరి దయ!

ఇది తెలిశాక జేన్ ఆస్టిన్ 1811 నాటి నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' మళ్ళీ తీశాను. తండ్రి పోతూ పోతూ, సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్ళనీ చూసుకోమని పెద్ద భార్య కొడుక్కి అప్పగిస్తాడు. కొడుకు మాటిస్తాడు. మనిషికి వెయ్యి చొప్పున మూడువేల పౌన్లు ఇద్దామనుకుంటాడు కూడా. భార్య ఫానీ పక్కన చేరుతుంది. మూడువేలు సగమవుతాయి. తర్వాత తల్లికి ఏడాదికో వంద. ఆపైన ఎప్పుడైనా ఓ యాభై. చివరికి మిగిలింది ఇల్లు మారేటప్పుడు సాయం, అప్పుడప్పుడూ చేపలూ వేటమాంసమూ పంపడం!

చదివి నవ్వుకుంటాం, ఫానీని తిట్టుకుంటాం. కానీ ఆస్టిన్ చూపించింది ఒక్క ఆడపడుచుల గిట్టని వదినగారిని కాదనిపిస్తుంది నాకు. ఫానీ దేవతే అయినా ఆ నలుగురి బతుకూ ప్రికేరియస్సే. వాళ్ళ చేతిలో ఉన్నది హక్కు కాదు, ఒకరిచ్చిన మాట.

అందుకే దీన్ని తెలుగు చేసేటప్పుడు 'అస్థిరం' అంటే నాకు చప్పగా ఉంటుంది. మనకి 'గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ' అన్న సామెత ఉంది. వణుకూ ఉంది, వేడికోలూ ఉంది. ఒక్కటే తేడా. సామెతలో దీపం పెట్టినవాడే దణ్ణం పెడతాడు. నవలలో దీపాన్ని గాలిలో పెట్టింది మగవాళ్ళు, దణ్ణాలు పెట్టాల్సింది ఆడవాళ్ళు.

"నీకేం లోటమ్మా, నేను లేనూ?" అని ఎవరైనా అంటే సంతోషించండి. కానీ ఆ మాట కాయితం మీద కూడా ఉందో లేదో ఒకసారి చూసుకోండి.